మంచి కథనం, నోబిడ్ బేలు

సోషల్ న్యూస్ సైట్లలో, అంటే జనమే లింకులు పెట్టి, జనమే ఓట్లేసి పైకెక్కించే సైట్లలో, మంచి కథనాలకు ఓట్లు పడటం లేదని కొందరు తెగ బాధపడుతున్నారు. మొన్నటిదాకా ఆ బాధపడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బాగా ఆలోచించి, అందుకు సరిపడా టీ తాగి, చివరికి తేల్చుకున్నదేంటంటే తప్పు సైట్లది కాదు, జనానిది అసలే కాదు, తప్పంతా మంచి కథనానిదే. మంచిగా ఉండమని దాన్ని ఎవరడిగారు?

నా సంగతే చెప్తాను. మార్కాపురం పలక మీద మూడు వారాలు కూర్చుని ఒక వ్యాసం రాశాను. క్వారీ దగ్గరికి పోయి ఆ రాయి పొరలు పొరలుగా ఎలా చీలుతుందో చూసి, కోత మిషన్ పక్కన నిలబడి కావలసినంత దుమ్ము పీల్చి, ఒకప్పుడు బడిపిల్లల చంకలో తిరిగిన రాయి ఇప్పుడు డబ్బున్నవాళ్ళ ఇళ్ళ గోడలెలా ఎక్కిందో వివరంగా రాసి, రాత్రి పదకొండు నలభైకి ఒక సైట్లో పెట్టాను. శీర్షిక "మార్కాపురం పలకల పరిశ్రమ: ఒక పరిశీలన". ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆవలింత వస్తోంది. పెట్టగానే పక్కన 1 అని పడింది. ఎవరో రసికుడు వేశాడని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, పెట్టినవాడి తరఫున ఒక ఓటు సైటే వేసేస్తుందట.

పొద్దున లేచి చూస్తే ఇంకా ఆ ఒకటే ఉంది. పైన మాత్రం ఏటీఎం గదిలో ఏసీ కింద కాళ్ళు ముడుచుకుని పడుకున్న ఎద్దు ఫోటో, వెయ్యి ఓట్లు దాటి పోతోంది. పోనీ ప్రాంతీయాభిమానం అని సరిపెట్టుకుందామంటే అది ఒంగోలు గిత్త కూడా కాదు.

ఆ దిగులుతో కందుకూరు పోయాను, మా చిన్నాయనకు చెప్పుకుందామని. ఆయన ఇంట్లో లేడు, పొగాకు వేలం కేంద్రంలో ఉన్నాడు. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, వేలం కేంద్రమంటే పెద్ద షెడ్డు, అందులో వరసలు వరసలుగా బేళ్ళు, అంటే పొగాకు మూటలు, ఒక్కో బేలుకు ముఖం విప్పి ఉంటుంది. వేలం నడిపే ఆయనా బయ్యర్లూ ఒక గుంపుగా వరస వెంబడి నడుస్తూ పోతుంటారు. బయ్యరు వంగి గుప్పెడు ఆకు లాగుతాడు, వేళ్ళతో నలిపి చూస్తాడు, రేటు వేస్తాడు లేదా ముందుకు పోతాడు. ఏడాది కష్టం ఏమైందో తేలడానికి కొన్ని సెకండ్లు చాలు. ఎవరూ రేటు వెయ్యకపోతే అది నోబిడ్. మా చిన్నాయనవి మూడు బేళ్ళు ఆ రోజు నోబిడ్ అయ్యాయి.

"ఏం చిన్నాయనా, ఆకు బాగాలేదా?" అన్నాను.

"ఆకు బంగారం అబ్బయా. వాడు చూస్తే గదా! మన వరస కాడికొచ్చేతలికి వాడికి ఆకలేస్తా ఉంది."

నాకు ఆ షెడ్డులోనే జ్ఞానోదయమైంది. నా వ్యాసాన్ని ఎవరూ కాదనలేదు, ఎవరో కుట్ర పన్ని తొక్కెయ్యనూ లేదు. (నిజం చెప్పొద్దూ, కుట్ర అయినా బాగుండేది. మనమీద కుట్ర చెయ్యాలంటే ముందు మనమెవరో తెలియాలి కదా.) కొత్త కథనాల పేజీ అనేది సరిగ్గా ఆ షెడ్డే. పైనుంచి కొత్త బేళ్ళు పడుతూనే ఉంటాయి, పాతవి కిందికి జారిపోతుంటాయి, ఆ పేజీలో తిరిగే పదిమంది బయ్యర్లకు ఆకలేస్తే మన పని అయిపోయినట్టే. మిగతా జనమంతా బయట రోడ్డు మీద ఉంటారు. అమ్ముడైపోయిన బేళ్ళు లారీ ఎక్కాక అప్పుడు చూసి, ఆహా ఏం ఆకు అంటారు.

ఇందులో లెక్క కూడా ఉంది. ఇలాంటి సైట్లలో పెద్దదైన రెడిట్, ఏ కథనం పైన ఉండాలో తేల్చడానికి ఒకప్పుడు బయటపెట్టిన సూత్రంలో మొదటి 10 ఓట్లకు ఎంత బరువో, ఆ తర్వాత పడే 90 ఓట్లకూ అంతే బరువు. పైగా మనకంటే పన్నెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చిన కథనంతో సమానంగా నిలబడాలంటే మనకు దానికి పదిరెట్లు ఓట్లుండాలి. అంటే కథనం కూడా రొయ్యల్లాంటిదే, ఐసు కరిగేలోపు లారీ ఎక్కించాలి. నేనేమో సరుకును రాత్రి పదకొండు నలభైకి గట్టున పోసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఆ మొదటి ఓటు మహత్యం గురించి పరిశోధనలు కూడా జరిగాయి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక న్యూస్ సైట్లో కొన్ని కొత్త వ్యాఖ్యలకు లాటరీ తీసినట్టు తలా ఒక దొంగ ఓటు ముందే వేసి వదిలేశారు. చివరికి చూస్తే వాటి స్కోరు మిగతావాటికంటే సగటున 25 శాతం ఎక్కువ. ఎన్నికల రోజు పొద్దున్నే ఏ పోలింగ్ బూత్ దగ్గర జనం గుమిగూడారో చూసి గాలి ఎటు వీస్తోందో చెప్పే మన ఊరి పెద్దమనుషులకు ఇది ఎప్పుడో తెలుసు, కాకపోతే వాళ్ళు ఇంగ్లీషులో పేపరు రాయలేదు. రెడిట్ పెట్టినవాళ్ళకూ తెలుసు. 2005లో సైటు తెరిచిన కొత్తలో రకరకాల పేర్లతో ఖాతాలు తెరిచి వాళ్ళే లింకులు పెట్టుకున్నామని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. ఖాళీ హోటల్లోకి ఎవడూ రాడని ముందు నలుగురు బంధువుల్ని కూర్చోబెట్టినట్టు.

మరి మనకూ బంధువులున్నారు కదా అంటారా? ప్రయత్నించాను. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. మా రాసేవాళ్ళ వాట్సాప్ గుంపులో సరిగ్గా ఇదే పద్ధతిలో ఓటు రొట్టె మొదలుపెట్టాం, నీ కథనానికి నేను, నా కథనానికి నువ్వు. వారం తిరక్కుండా పేచీ వచ్చింది. అందరూ పుచ్చుకునేవాళ్ళే, ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. రొట్టెల పండగలో అలా జరగదు, ఎందుకంటే అక్కడ నీళ్ళలో దిగి నిలబడాలి, మొహమాటం ఉంటుంది.

ఇక శీర్షిక. బేలు ముఖం మీద మంచి ఆకు పేర్చి, లోపల నాసిరకం కుక్కే రైతులు అక్కడక్కడా ఉంటారు, దొరికితే పరువు పోతుంది. సైట్లలో దొరికినా ఏం కాదు, ఎందుకంటే బేలు లోపలికి చెయ్యి పెట్టేవాడు లేడు. 2014 ఏప్రిల్ 1న అమెరికాలో ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ, అమెరికావాళ్ళు ఎందుకు చదవడం మానేశారు అని శీర్షిక పెట్టి ఫేస్‌బుక్‌లో ఒక లింకు వదిలింది. తెరిస్తే లోపల ఉన్నది ఒకటే మాట, ఇది ఏప్రిల్ ఫూల్, దయచేసి వ్యాఖ్య పెట్టకండి అని. తెరవనివాళ్ళు కింద చేరి, చదివే అలవాటు తగ్గిందా లేదా అని ఆవేశంగా వాదించుకున్నారు. నేను వాళ్ళను తప్పుబట్టను. అభిప్రాయం సిద్ధంగా ఉన్నప్పుడు చదివి దాన్ని పాడుచేసుకోవడం ఎందుకు?

పేరు మహిమ మనకు కొత్తా? మా ఒంగోలు జాతి పశువులు ఓడెక్కి బ్రెజిల్ పోయి, అక్కడ నెల్లూరు పేరు మీద 'నెలోర్' అయ్యాయి. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం అవే. సరుకు ఒంగోలుది, శీర్షిక నెల్లూరుది. ప్రకాశం జిల్లావాళ్ళం అలిగి ఏం లాభం, అప్పటికి మన జిల్లానే లేదు, 1970లో గదా పుట్టింది.

మంచి కథ ఎక్కడా పాకదని మాత్రం అనను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయే ఆడవాళ్ళు సారా మీద ఒక పాఠం చదువుకున్నారు. చదివి ఊరుకోలేదు, పోయి సారా కొట్టు మూయించారు, అది ఊరి నుంచి ఊరికి పాకి రాష్ట్రమంతా అంటుకుంది, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. కాకపోతే వాళ్ళు అక్షరాలు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, అందుకని పాపం చివరిదాకా చదివారు. మనకు ఆ ఇబ్బంది లేదు.

వారం తర్వాత చిన్నాయన ఫోన్ చేశాడు, ఆ మూడు బేళ్ళూ అమ్ముడుపోయాయని. ఏం మార్చావని అడిగితే, ఏం మార్చలేదు, ఈసారి మన వరస ముందొచ్చింది అన్నాడు. ఇది వినగానే గుర్తొచ్చింది, జార్జియా టెక్ పరిశోధకుడు ఎరిక్ గిల్బర్ట్ 2013లో రెడిట్ మీద ఒక లెక్క తీశాడు. అక్కడ బాగా పేరొచ్చిన లింకుల్లో 52 శాతం, మొదటిసారి పెట్టినప్పుడు ఎవరూ పట్టించుకోనివే. సగానికి పైగా ఒకప్పుడు నోబిడ్ బేళ్ళేనన్నమాట. అందరూ పక్కవాడు ఏరిపెడతాడులే అని కూర్చుంటే ఏరేవాడు తక్కువైపోతాడు, అంతే సంగతి అంటాడాయన.

ఉత్సాహంగా ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆమె చపాతీ ఒత్తుతూ, "మీరు ఆ కొత్తవాటి పేజీలోకి పోయి ఎన్నాళ్ళయింది?" అంది.

ఇలాంటి ప్రశ్నలకు చపాతీ పిండి చేతిలో ఉన్నప్పుడు జవాబు చెప్పకూడదు. పక్కకొచ్చి ఫోన్ తీశాను. కొత్తవాటి పేజీలో మూడోదిగా ఎవరో పెన్నా ఇసుక మీద రాశారు, పెద్ద వ్యాసం, పెట్టి నలభై నిమిషాలైంది, ఓట్లు 1. రెండు పేరాలు చదివాను, బాగుంది, నిజంగా బాగుంది, ఆదరాబాదరాగా చదివేది కాదు. ఆదివారం తీరిగ్గా చదువుదామని సేవ్ చేసుకున్నాను. చదవకుండా ఓటెయ్యడం నా పద్ధతి కాదు, అది కూడా ఆదివారమే వేద్దామనుకున్నాను. వెనక్కి వస్తుంటే మొదటి పేజీలో ఆ ఎద్దు మళ్ళీ కనబడింది, ఈసారి ఏటీఎం మెట్ల మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తోంది, క్యూలో మన వంతు ఎప్పుడొస్తుందా అన్నట్టు. నవ్వొచ్చింది. వేలు దానంతటదే నొక్కేసింది.