కొవ్వు ఊరికే కూర్చోదు: గర్భసంచి క్యాన్సర్‌పై పరిశోధనల మాట

గర్భసంచి లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కూ స్థూలకాయానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే ఆ మాట చెప్పింది. 2016లో అధిక కొవ్వుతో ముడిపడిన 13 రకాల క్యాన్సర్లను గుర్తించినప్పుడు, వాటిలో అత్యంత గట్టి బంధం దీనిదేనని లెక్కలు చూపాయి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే సూచిక) 40 దాటిన స్త్రీలకు ఈ ముప్పు సాధారణ బరువున్నవారికంటే దాదాపు 7 రెట్లు ఎక్కువ. ఇక అడగవలసిన ప్రశ్న, ఈ ముప్పును వెనక్కి తిప్పగలమా అన్నదే. తిప్పగలమనే పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కబురు మన ఆడవాళ్ల చెవిన ఎవరూ వేయడం లేదు.

కొవ్వంటే ఒంట్లో పేరుకుపోయిన నిల్వ సరుకని మనం అనుకుంటాం. నిజానికి అది పనిచేసే కార్ఖానా. కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము, అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోస్టెన్‌డయోన్‌ను ఈస్ట్రోన్ అనే ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలైన నెలల్లో ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. ముట్లుడిగాక ఆ కళ్లెం ఉండదు, కొవ్వు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ప్రొజెస్టిరాన్ తోడు లేకుండా విడిగా ఈస్ట్రోజన్ మాత్రలు వాడిన స్త్రీలలో ఈ క్యాన్సర్ అనేక రెట్లు పెరిగిందని 1975లో అమెరికాలో వెలువడిన రెండు అధ్యయనాలు చూపాయి. ఆ మాత్ర చేసిన పనినే కొవ్వు లోపలి నుంచి ఏళ్ల తరబడి చేస్తుంది, పైగా స్థూలకాయంతో పెరిగే ఇన్సులిన్ దానికి తోడవుతుంది. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య వల్ల నెలల తరబడి అండం విడుదల కాని యువతులలో ముట్లుడగడానికి చాలా ముందే ఇదే పరిస్థితి ఏర్పడవచ్చు.

నన్ను అన్నిటికన్నా ఉత్సాహపరిచేది దీని తర్వాతి అధ్యాయం. అమెరికాలో 36 వేలకు పైగా ముట్లుడిగిన స్త్రీలను పరిశీలించి 2017లో ప్రచురించిన విశ్లేషణలో, ఒంటి బరువులో కనీసం 5 శాతం తగ్గినవారికి ఈ క్యాన్సర్ ముప్పు 29 శాతం తక్కువగా ఉంది. స్థూలకాయం ఉండి, పట్టుబట్టి బరువు తగ్గించుకున్నవారిలో 56 శాతం తక్కువగా కనిపించింది. 80 కిలోల మనిషికి 5 శాతమంటే 4 కిలోలు. అదీ యాభై ఏళ్లు దాటాక! బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిపై క్లీవ్‌లాండ్ క్లినిక్ 2022లో వెలువరించిన అధ్యయనం కూడా ఈ క్యాన్సర్ ముప్పు సుమారు సగానికి తగ్గిందని తేల్చింది. వయసు మీరింది, ఇప్పుడేం చేసినా లాభం లేదన్న నిరాశకు ఈ లెక్కలు చోటివ్వవు.

ఇవి పరిశీలనాత్మక అధ్యయనాలేనని, బరువు తగ్గేవారు ఇతర జాగ్రత్తలూ తీసుకుంటారని, భారతదేశంలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లతో పోలిస్తే ఇది చాలా తక్కువని అనేవారున్నారు. మొదటి అభ్యంతరం న్యాయమైనదే. కానీ పుట్టుకతో వచ్చే జన్యు తేడాల ఆధారంగా, అలవాట్ల ప్రభావాన్ని చాలావరకు పక్కనపెట్టి చేసిన పరిశోధనలు సైతం అధిక బరువువైపే వేలు చూపుతున్నాయి. ఇక మన దగ్గర తక్కువన్నది నిన్నటి శరీరాల లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు దేశంలో 24 శాతమైతే, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. వీరిలో ఎక్కువ మందికి ముట్లుడిగే వయసు ఇంకా రానేలేదు.

అదే సర్వేలోని మరో లెక్క ఇంతకన్నా కలవరపెడుతుంది. ఆ వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం ఉంటే, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందనో, నడుము లాగుతోందనో వచ్చిన ముప్ఫై అయిదేళ్ల కూలి మనిషికి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందమ్మా" అన్న ఒక్క మాట చాలు, అప్పు చేసైనా ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది. అనవసరపు గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టడం తెలిసిన వ్యవస్థకు, అసలు క్యాన్సర్ ఎలా బయటపడుతుందో చెప్పే తీరిక మాత్రం ఉండదు.

ముట్లుడిగిన నాలుగేళ్లకు చీర మీద చిన్న మరక కనిపిస్తే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకునే తల్లులు ప్రతి ఇంటా ఉన్నారు. అలా మరక కనిపించిన పదిమందిలో క్యాన్సర్ ఉండేది దాదాపు ఒకరికే. కానీ ఈ క్యాన్సర్ ఉన్న ముట్లుడిగిన స్త్రీలలో పదికి తొమ్మిదిమందికి ఆ మరక కనిపిస్తుంది. స్కానింగ్‌లో లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటిందో లేదో చూసి, దాటితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడంతో విషయం తేలుతుంది.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తీసుకెళ్లే ప్రశ్నపత్రంలో నడుము కొలతకు ఒక గడి ఉంది, ముట్లుడిగాక రక్తస్రావం అవుతోందా అన్న ప్రశ్న కూడా ఉంది. జాతీయ కార్యక్రమం కింద జరిగే క్యాన్సర్ స్క్రీనింగ్ మాత్రం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితం. నడుము 80 సెంటీమీటర్లు దాటి, రెండో ప్రశ్నకు అవునన్న ప్రతి స్త్రీనీ ముఖద్వార పరీక్షతో సరిపెట్టి ఇంటికి పంపకుండా స్కానింగ్‌కు పంపాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఆదేశాలివ్వాలి. అందుకు కొత్త పథకం అక్కర్లేదు, ఆ కాగితం ఇప్పటికే ఆశా కార్యకర్త సంచిలో ఉంది.