స్కాలర్ క్లాసులో వెనక బెంచీలో ఎవరున్నారు?

సర్కారు బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పాలంటే బీఎడ్ చేసుండాలి, టెట్ పాసవ్వాలి, బీఎడ్‌లో ఉండగానే టీచింగ్ ప్రాక్టీస్ అని బడికి పంపితే లెసన్ ప్లాన్ రాసుకెళ్ళి చెప్తుంటే సూపర్‌వైజర్ వెనకాల కూర్చుని చూస్తారు. అదే డిగ్రీ ఫస్టియర్‌కో బీటెక్‌లో మొదటి లెక్కల పేపరు ఎం-1కో చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు. నెట్ అనే అర్హత పరీక్ష కొట్టి మ్యాథ్స్ పీహెచ్‌డీలో స్కాలర్‌గా చేరిన కుర్రాడికి "రేపట్నుంచి ఆ సెక్షన్ నువ్వు చూస్కో" అని చాక్‌పీస్ చేతికిచ్చేస్తే అయిపోయింది. నెట్‌లో టోపాలజీ అడుగుతారు గానీ క్లాసు ఎలా నడపాలో అడగరు కదా.

రూల్ లేక కాదు. 2022 నవంబర్‌లో, యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ ఇచ్చిన పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో ఏ సబ్జెక్టు స్కాలరైనా బోధనలో ట్రైనింగ్ తీసుకోవాలని ఉంది, వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్స్, ల్యాబ్, వాల్యుయేషన్ పని అప్పజెప్పొచ్చనీ ఉంది. పని అప్పజెప్పడానికి అందరూ రెడీనే. ట్రైనింగ్ మాటకొస్తే ఓ రెండ్రోజుల వర్క్‌షాపు, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో... దాంతో సరిపెడితే కుదరదని మేమంటున్నాం.

ఎందుకంటే అసలు సంగతి క్లాసులోనే ఉంటుంది. (ఎక్స్ స్క్వేర్ మైనస్ 4) బై (ఎక్స్ మైనస్ 2), ఎక్స్ 2కి దగ్గరవుతుంటే లిమిట్ ఎంత అని అడగ్గానే ముందు బెంచీ కుర్రాడు ఎల్ హాస్పిటల్ రూల్ వేస్తే 4 సార్ అనేస్తాడు, పైనా కిందా డిఫరెన్షియేట్ చేసే ఆ షార్ట్‌కట్ ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ కోచింగ్ చలవ. స్కాలర్ హమ్మయ్య అనుకుని, పైన ఫ్యాక్టర్ చేసి ఎక్స్ మైనస్ 2 కొట్టేసి అదే 4 రాసేసి తర్వాతి లెక్కకి వెళ్ళిపోతాడు. వెనకాల ఓ అమ్మాయి "అది జీరో అవుతుంది కదా, ఎలా కొట్టేస్తారు?" అని పక్కమ్మాయిని మెల్లగా అడుగుతుంది. ఆ రోజు పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది, కానీ బోర్డు దగ్గరున్నవాడికి అది వినపడదు, వెనక కూర్చున్న సీనియర్ మేడమ్‌కి వినపడుతుంది. తర్వాత క్యాంటీన్లో టీ తాగుతూ ఆవిడ "ఆ 4 దగ్గర ఆగి 1.9, 1.99, 2.01 పెట్టి చూడమనాల్సింది, 2 పెట్టకుండానే 4కి దగ్గరవడం వాళ్ళకే కనిపించేది" అని చెప్తే వచ్చే వారం క్లాసు మారిపోతుంది. పేపర్లు దిద్దడమూ అంతే, ఏ ప్లస్ బీ మొత్తానికి రూట్ అంటే రూట్ ఏ ప్లస్ రూట్ బీ అని రాసినవాడికి సున్నా వెయ్యడం ఎవరైనా చేస్తారు, సగం సెక్షన్ అలాగే రాస్తే ఏం చెయ్యాలో పక్కన కూర్చుని ఓ పది పేపర్లు కలిసి దిద్దితేనే తెలిసొస్తుంది.

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ క్యాల్కులస్‌ని చిన్న చిన్న సెక్షన్లుగా చెప్తుంది, చెప్పేవాళ్ళలో చాలామంది గ్రాడ్ స్టూడెంట్లే, సెమిస్టర్‌కి ముందే వాళ్ళకి వారం ట్రైనింగ్, తర్వాత సీనియర్లు క్లాసుకొచ్చి చూడటం. మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 2010లో సర్వే చేసిన క్యాల్కులస్ స్టడీలో కూడా బాగా నడిచే డిపార్ట్‌మెంట్ల లక్షణాల్లో ఇలా క్లాసులు చెప్పే గ్రాడ్ స్టూడెంట్ల ట్రైనింగ్ ఒకటని తేలింది. 

మన దగ్గర అడ్డం పడేది టైమ్. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు, పైవాళ్ళకి 14 అని యూజీసీ 2018 రూల్స్. అసలే ఖాళీ పోస్టులతో ఈడుస్తున్న స్టేట్ యూనివర్సిటీల్లో ఇంకొకరి క్లాసులో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు, ఎందుకు కూర్చుంటారు? ఇలా వెనక కూర్చుని చూసి చెప్పే మెంటరింగ్‌కి వారానికి 2 గంటలు వర్క్‌లోడ్‌లోనే కలపాలి, టైమ్‌టేబుల్లో కనపడాలి. ఇంకోటి, ఆ మెంటర్ గైడ్ అవ్వకూడదు. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మనిషే వెనక బెంచీలో కూర్చుంటే ఏ స్కాలరూ "ఇవాళ క్లాసు పోయింది మేడమ్" అని నోరు తెరిచి చెప్పడు.