సవరణ: ఇప్పసారా వైన్ కాదు

ఉట్నూరు ప్రయాణం గురించి మొన్న రాస్తూ, ఇప్పసారాను 'మన అడవి వైన్' అన్నాను. అది తప్పు, మన్నించండి. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారిస్తే వైన్ అవుతుంది. దాన్ని కాచి ఆవిరి పట్టరు. ఇప్పపువ్వును మాత్రం ఎండబెట్టి, నీళ్లలో నానేసి పులియబెట్టాక, పొయ్యి మీద కాచి, ఆ ఆవిరిని చల్లార్చి సారా దించుతారు. ఆ లెక్కన వైన్‌కి దగ్గరి చుట్టం మన కల్లే. అదీ పులిసేదే, కాచేది కాదు.

ఇంకొకటి, పువ్వు చెట్టెక్కి కోస్తారని కూడా రాశాను. కోయరు. ఎండాకాలం మొదట్లో తెల్లవారేసరికి లేత పసుపు పూలు వాటంతటవే రాలి నేల నిండా పరుచుకుంటాయి. ఒక్కోటీ ఏరుకోవాల్సిందే. చేతికి కండగా, జిగటగా తగులుతుంది. ఎండితే అచ్చం కిస్‌మిస్సే. ఉట్నూరు ఆదివాసీ మహిళలు వాటితో లడ్డూలూ చేస్తున్నారు. ఆ మాట అప్పుడే రాసి ఉండాల్సింది.