ఊరకుండుడి, కానీ మైకు ఆపకుండా

చిత్తూరులో వీధి కుక్కల భయం ఉంది, మామిడికాయ రేటు పడిపోతుందన్న భయం ఏటా ఉండనే ఉంది. వీటన్నిటినీ మించిన భయం ఒకటి పోయిన శుక్రవారం మా ఇంట్లోనే కాలు పెట్టింది. దాని పేరు నిశ్శబ్దం.

మా చిన్నాయన కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మూడు రోజులు ఎక్కడో ప్రార్థనల కోసం పెట్టిన రిట్రీట్‌కు పోయి వచ్చాడు. ఇంటి కూడికలో పాటలయ్యాయి, వాక్యం అయింది, ఇక ప్రార్థన విన్నపాలు మొదలుకావాలి. అప్పుడు వాడు, "అన్నా, ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా దేవుని ముందు కూర్చుందామా?" అన్నాడు. అడిగింది డబ్బు కాదు కదా అని ఒప్పుకున్నాం.

మొదటి నిమిషంలో మా ఫ్యాను కిర్రుమంటుందని తెలిసింది. ఆరేళ్లుగా ఆ గదిలోనే కూడుకుంటున్నాం, ఎవరూ వినలేదు. రెండో నిమిషంలో వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే నలుగురు "స్తోత్రం" అన్నారు. మూడో నిమిషంలో ఎదురింటి అత్త కిటికీలోంచి తొంగిచూసి, "ఏమైంది నాయనా, ఎవరన్నా పోయినారా?" అని అడిగింది. ఆమెను తప్పుపట్టలేం. శుక్రవారం రాత్రి ఎనిమిదికి మా ఇంట్లోంచి చప్పుడు రాలేదంటే కరెంటైనా పోయి ఉండాలి, మనిషైనా పోయి ఉండాలి. నాలుగో నిమిషంలో సంఘ పెద్ద ఇక తట్టుకోలేక "ప్రభువా!" అని గట్టిగా అందుకుని ఇరవై నిమిషాలు వదల్లేదు. గండం గడిచింది.

మరునాటి నుంచి నేను ఈ మౌన ప్రార్థన పుట్టుపూర్వోత్తరాలు లాగాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్పెన్సర్ అనే ఊళ్లో ట్రాపిస్టులనే క్యాథలిక్ సన్యాసుల మఠం ఉంది. 1970లలో అక్కడి థామస్ కీటింగ్, మరో ఇద్దరు కలిసి ‘సెంటరింగ్ ప్రేయర్’ మొదలుపెట్టారు. ఒక పవిత్రమైన మాట ఎంచుకోవాలి. ఆలోచన ఎటైనా పోతే మెల్లగా ఆ మాట దగ్గరికి తిరిగి రావాలి. ఇరవై నిమిషాలు, రోజుకు రెండుసార్లు. మహర్షి మహేశ్ యోగి గారి అతీంద్రియ ధ్యానం కూడా ఇరవై నిమిషాలే, రోజుకు రెండుసార్లే. లెక్క ఇంత బాగా కలిశాక కూడా అనుమానించకపోతే మనం చిత్తూరు వాళ్లమెట్లా అవుతాం? ఇంతకంటే చిన్న విషయానికే పెళ్లి సంబంధాలు వదిలేసుకున్నాం.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా, పద్ధతి పెట్టుకుని చేసేది ధ్యానమే కాదని జీవితమంతా చెప్పాడు. మన పక్షాన సాక్ష్యం చెప్పించేవాళ్లమే గానీ, 1986లోనే పోయాడు.

అసలు ప్రమాదం ఏమిటంటే, మనసు ఖాళీ చేస్తే దయ్యం దూరుతుంది. ‘ఊడ్చి అమర్చి’ ఉన్న ఇంటికి అపవిత్రాత్మ మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుందని సువార్తలోనే ఉంది. భయంతో నా మనసును ఒకసారి తనిఖీ చేసుకున్నాను. చీటీ డబ్బులు, పిల్లవాడి ర్యాంకు, పక్కింటివాడు మన వైపు జరిపి కట్టిన గోడ, ఆదివారం నా కుర్చీలో కూర్చున్నది ఎవరన్న విచారణ. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ నయం. ఏడు దయ్యాలు వచ్చినా ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిందే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. "అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని ప్రభువే చెప్పాడు కాబట్టి ఒకే మాటను పదేపదే అనకూడదు. మా సంఘం కమిటీలో ఈ వాదన నేనే పెట్టాను, అందరూ ఆమెన్ అన్నారు. వెంటనే వెయ్యి స్తోత్రాల పుస్తకం తెరిచాం. ఆశ్చర్యకరుడా స్తోత్రం, ఆలోచనకర్తా స్తోత్రం... 412 దగ్గర కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని పూర్తిచేశాం. దీన్ని జపం అనకండి. జపానికి పూసలుంటాయి, మాకు నంబర్లుంటాయి.

ఈ పోరాటం పాతదే. 14వ శతాబ్దంలో గ్రీసులోని అతోస్ కొండ మీద సన్యాసులు తలవంచి, ఊపిరితో కలిపి యేసు నామం జపిస్తుంటే, బర్లామ్ అనే పండితుడు వాళ్లను బొడ్డులో ఆత్మను వెతుక్కునేవాళ్లని ఎగతాళి చేశాడు. 1341లో కాన్‌స్టాంటినోపుల్‌లో సభ పెట్టి తీర్పు సన్యాసుల వైపు చెప్పారు. మన పార్టీ ఓడిపోయింది. అయితే 1687లో, ఆత్మ ఏమీ చేయకుండా ఊరికే ఉండాలన్న స్పెయిన్ గురువు మోలినోస్ బోధను పోప్ ఖండించాడు కాబట్టి లెక్క సరి.

1989 అక్టోబర్ 15న వాటికన్ కూడా ఒక హెచ్చరిక లేఖ ఇచ్చింది, తర్వాత పోప్ అయిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో. మౌన ప్రార్థనకు పేరుపడ్డ అవిలా తెరెసా పండుగ రోజే ఇవ్వడం వాళ్ల చమత్కారం. యోగా లాంటి పద్ధతుల్లో పనికొచ్చేది ఉంటే తీసుకోవచ్చని ఒప్పుకుంటూనే, శరీరానికి కలిగే హాయిని, తేలికదనాన్ని పరిశుద్ధాత్మ ఓదార్పుగా పొరబడవద్దంది. ఈ ముక్క నాకు భలే నచ్చింది. కీబోర్డు తమ్ముడు స్పీడు పెంచినప్పుడు మనకు ఒళ్లు పులకరిస్తుందే, అది వేరే సంగతి.

ఒక్క చిక్కు మిగిలింది. ధ్యానం అనే మాట తెలుగు బైబిల్లోనే ఉంది. ఇస్సాకు సాయంకాలం పొలంలో ‘ధ్యానింప’ బయలుదేరాడట. కన్నులెత్తగానే ఒంటెలు కనపడ్డాయి కాబట్టి అది ఎక్కువసేపు సాగలేదని, బహుశా గట్టు చూసుకోవడానికే వెళ్లి ఉంటాడని మా కమిటీ తేల్చింది. మందిరం గోడ మీద రాయించిన "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న వచనం సంగతి ఏమిటంటారా? దాని కిందే సౌండు బాక్సు ఉంది. బేస్ అదురుకు మొదటి అక్షరం పెచ్చులూడి ‘రకుండుడి’ అని మిగిలింది. ఇంకో రెండు క్రిస్మస్‌లు ఓపిక పట్టాలి.

అయినా మా తమ్ముడి మనసు కష్టపెట్టడం ఎందుకని, వచ్చే శుక్రవారం ఐదు నిమిషాల మౌనానికి అనుమతి ఇచ్చాం. వెనక కీబోర్డు మెల్లగా మోగుతూ ఉండాలి. సంఘ పెద్ద మైకులో "మౌనంగా ఉందాం... ఇంకా మౌనంగా ఉందాం" అంటూ నడిపిస్తారు. మనుషుల మధ్య తిరుగుతూ చెప్పాలంటే కార్డ్‌లెస్ మైకు కావాలన్నారు. చందాలు వసూలవుతున్నాయి.