తప్పు కెమెరాది, ఎలుకది కాదు

పెద్ద బడ్జెట్ వీడియో గేమ్ ఎన్ని కాపీలు అమ్ముడవుతుందో ముందే చెప్పడం ఒక శాస్త్రం. అందులో హీరో కార్టూన్ బొమ్మ అయితే ఇక తిరుగులేదు. మామూలు ఆటకైతే అది ఎలా ఉందో ఎవరో ఒకరు ఆడి చూడాలి. మాస్కాట్, అంటే కంపెనీకి గుర్తుగా నిలిచే బొమ్మ, ఉన్న ఆటకి ఆ శ్రమ అక్కర్లేదు. ఆ బొమ్మ మొహం లోకంలో ఎంతమందికి తెలుసో లెక్కేయండి, అందులో ఒక శాతం తీయండి, వచ్చిన అంకెని స్లయిడ్ మీద పెద్ద అక్షరాల్లో వేయండి. ఆట ఇంకా సగం కూడా తయారు కాలేదని ఎవరైనా గుర్తుచేస్తే, వాళ్లని మర్యాదగా మీటింగ్ బయటికి పంపండి. ఆలూ లేదు చూలూ లేదు అని వెక్కిరించేది ఇలాంటివాళ్లే. సోమలింగం పేరు మీద ప్రీ-ఆర్డర్లు కూడా తెరవొచ్చని వాళ్లకి తట్టదు.

ఈ శాస్త్రానికి ఆద్యులు అటారీ అనే వీడియో గేమ్ కంపెనీ వాళ్లు. 1982లో ప్యాక్-మ్యాన్‌ని ఇంట్లో ఆడుకునే యంత్రానికి తెచ్చినప్పుడు కోటీ ఇరవై లక్షల కార్ట్రిడ్జులు చేయించారని లెక్కలు చెబుతాయి. అప్పటికి ఆ యంత్రం ఉన్నవాళ్లు దాదాపు కోటి మంది. మిగతా ఇరవై లక్షలు ఎవరికి అని అడగకండి. పసుపు గుండు మొహం చూసి జనం యంత్రమే కొనేస్తారని ధీమా. ఆ యంత్రానికి దెయ్యాలన్నిటినీ ఒకేసారి గీసే శక్తి లేక, ఒక్కో ఫ్రేములో ఒక్కోదాన్ని గీసేవారు. దాంతో తెర మీద దెయ్యాలు మిణుకుమిణుకుమంటూ ఉండేవి. దెయ్యాలు కదా, సహజమే అనుకోవచ్చు. కొన్నవాళ్లు అలా అనుకోలేదు. అయినా డెబ్బై లక్షలకు పైగా అమ్ముడై, ఆ యంత్రం మీద అంతగా అమ్ముడైన ఆట మరొకటి లేదనిపించుకుంది. అదే ఆటని చరిత్ర ఫ్లాపుల జాబితాలో కూడా రాసింది. అందరికన్నా ఎక్కువ అమ్మి కూడా ఓడిపోవాలంటే ముందుగా మంచి అంచనా ఉండాలి. మరుసటి ఏడాది అటారీ తన మిగులు సరుకుని న్యూ మెక్సికోలో ఒక చెత్తగుంతలో పూడ్చింది. 2014లో జనం వెళ్లి తవ్వి చూశారు. గుంత ఖర్చు ఏ స్లయిడ్‌లోనూ వేసినట్టు లేరు.

నిపుణులు పైకి ఎత్తని కేసు ఒకటుంది. 1981లో నింటెండో వాళ్లు పొపాయ్ బొమ్మతో ఒక ఆట చేయాలనుకున్నారు. అందరికీ తెలిసిన మొహం, అంటే సరైన దారే. హక్కులు దొరకలేదు. గతిలేక మియామోటో అనే కుర్ర డిజైనర్ సొంతంగా ఒక మనిషిని గీశాడు. తెర మీది ఆ కాస్త చుక్కల్లో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టాడు, నోరు కనబడదని మీసం పెట్టాడు, చేతులు ఊగుతున్నట్టు తెలియాలని ఓవరాల్స్ తొడిగాడు. మొదట్లో అతనికి సరైన పేరు కూడా లేదు, జంప్‌మ్యాన్ అన్నారు. దూకుతాడు కాబట్టి. వృత్తి వడ్రంగం. మార్కెట్ రీసెర్చ్ వాళ్ల చేతిలో పడితే మొదటి రౌండ్లోనే ఎగిరిపోయే క్యాండిడేటు. తర్వాత మారియో అని పేరు మార్చుకుని, వృత్తి కూడా మార్చుకుని ఏమయ్యాడో అందరికీ తెలుసు. ముందు దూకడం నేర్పి తర్వాత మొహం అతికించడం నియమాలకు విరుద్ధం కాబట్టి ఈ ఉదాహరణ చెల్లదని మా అభిప్రాయం.

అసలు ఒక కార్టూన్ బొమ్మ ఖరీదెంత? బహిరంగ మార్కెట్లో తేలిన ధర ఒకటుంది. వాల్ట్ డిస్నీ 1927లో ఓస్వాల్డ్ అనే కుందేలుని సృష్టించి, మరుసటి ఏడాదే దాన్ని పోగొట్టుకున్నాడు. హక్కులు యూనివర్సల్ అనే సినిమా స్టూడియోవి. ఆ లోటు పూడ్చుకోవడానికి పుట్టిందే మికీ మౌస్. 2006లో డిస్నీ కంపెనీ ఆ కుందేలుని వెనక్కి తెచ్చుకుంది. బదులుగా తన దగ్గర ఒప్పందంలో ఉన్న ఆల్ మైకేల్స్ అనే క్రీడా వ్యాఖ్యాతని, యూనివర్సల్‌తో ఒకే గూటిలో ఉన్న ఎన్‌బీసీ టీవీకి వదిలేసింది. కుందేలుతో పాటు కొన్ని క్రీడా ప్రసారాల హక్కులు కూడా కలిసొచ్చాయి. అంటే ఒక కుందేలు ప్లస్ కాసిని మ్యాచ్‌లు ఈజ్ ఈక్వల్టు ఒక వ్యాఖ్యాత. ఆర్థిక శాస్త్రంలో ఇంత నిజాయితీగా తేలిన ధర ఇంకొకటి చూపించండి.

ఆ కుందేలు పనికొచ్చింది 2010లో వచ్చిన ఎపిక్ మికీలో. డేయస్ ఎక్స్ లాంటి గంభీరమైన ఆట చేసిన వారెన్ స్పెక్టర్ చేతిలో ఎలుకని పెట్టారు. జనం మరిచిపోయిన కార్టూన్లన్నీ బతికే లోకం, అక్కడ ఏలికగా ఓస్వాల్డ్, మికీ చేతిలో కుంచె. రంగు చల్లితే గోడ వస్తుంది, థిన్నర్ చల్లితే కరిగిపోతుంది. నిజం చెప్పాలంటే చక్కటి ఊహ. ఇక్కడ కాసేపు నా గాంభీర్యం పక్కన పెడుతున్నాను.

చిక్కల్లా కెమెరాతో, అంటే ఆటని మనకి చూపించే కోణంతో. ఎలుక గోడకి దగ్గరగా నిలబడిందా, కెమెరా దాని వెనకాల ఇరుక్కుపోతుంది. ఎదురుగా ఉన్న పళ్లచక్రం మీదకి దూకాలి. ఎంత దూరంలో ఉందో తెలీదు. వీ (Wii) అనే నింటెండో యంత్రం రిమోట్ మీది బాణం బటన్లు నొక్కుతూ బతిమాలాలి. ఆలోగా తెర నిండా రెండు నల్లటి గుండ్రాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తూంటాయి. చెవులు! ఆడేవాడికి తిక్క రేగుతుంది గానీ, బ్రాండ్ మేనేజర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ప్రతి ఫ్రేములోనూ లోగో.

వీ యంత్రం ఒక్కదాని మీదే వచ్చినా, ఉత్తర అమెరికాలో తొలి నెలలోనే సుమారు 13 లక్షల కాపీలు పోయాయి. ఎవరి గొప్ప? ఎలుకది. 2012లో రెండో భాగం వచ్చింది. ఈసారి చాలా యంత్రాల మీద, పాటలతో, ఓస్వాల్డ్‌ని తోడు హీరోగా పెట్టి. పక్కన ఆడే మనిషి లేకపోతే కుందేలుని కంప్యూటరే నడుపుతుంది. మీట మీద షాక్ కొట్టాల్సిన పని అతనిది. మీరు మీట దగ్గర నిలబడి పిలుస్తూంటారు, అతను ఇంకో మూల తన ఆలోచనల్లో తానుంటాడు. వ్యాఖ్యాతనే ఉంచుకుంటే కనీసం ఏం జరుగుతోందో చెప్పేవాడు. అమ్మకాలు మొదటి భాగం దరిదాపులకు రాలేదు. ఎవరి తప్పు? స్టూడియోది. 2013 జనవరిలో ఆ స్టూడియోని, జంక్షన్ పాయింట్‌ని, మూసేశారు. ఎలుక ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు.

ఇదే మన శాస్త్రంలో మూలసూత్రం. అమ్ముడైతే బొమ్మ మహిమ, పోతే మనుషుల చేతగానితనం. 2006లో సోనిక్ పదిహేనో పుట్టినరోజు ఏడాదికి అందాలని సెగా కంపెనీ హడావుడిగా ఒక ఆట దించింది. వేగానికి మారుపేరైన ముళ్లపంది అందులో ఎక్కువగా చేసింది లోడింగ్ తెర వెనక నిలబడటం. ఊళ్లో ఒకడు పని అప్పగిస్తే లోడింగ్, అదేమిటో రెండు ముక్కలు చెప్పాక మళ్లీ లోడింగ్. సెగా ఆ తర్వాత దాన్ని ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తీసేసింది కూడా. సోనిక్ మాత్రం దర్జాగా సినిమాల దాకా వెళ్లాడు. బబ్సీ అనే పిల్లి 1996లో త్రీడీలోకి దిగి నవ్వులపాలై, 2017లో ఏమీ జరగనట్టు తిరిగొచ్చింది. 2020లో క్రాష్ బ్యాండికూట్ నాలుగో ఆటని మెప్పు పొందేలా చేసిన టాయ్స్ ఫర్ బాబ్ అనే స్టూడియో వాళ్లని మరుసటి ఏడాదే తుపాకుల ఆటకి సాయం పనిలో పెట్టారు. బాగా చేసినా పని మారుతుంది, చేయకపోయినా మారుతుంది. మారనిది బొమ్మ ఒక్కటే.

కాబట్టి తర్వాత రాబోయే మాస్కాట్ ఆటకి మా అంచనా అడిగితే, పది కోట్లు. ఏ ఆట, ఎవరి బొమ్మ అని అడగొద్దు, వివరాల్లోకి వెళ్తే అంకె తగ్గే ప్రమాదం ఉంది. ఎపిక్ మికీని 2024లో కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. ఎలుక అదే, కుందేలు అదే. కెమెరా మాత్రం కుడి చేతి స్టిక్ మీదకి మారి, తిప్పినట్టు తిరుగుతోంది. చెవులు ఇప్పుడు తెర నిండా కనబడవు. బ్రాండ్ విభాగం దీన్ని ఎలా ఒప్పుకుందో మాకు అంతుపట్టలేదు.