‘ఆయ్’ అంటే అర్థమైనట్టు కాదు

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ‘ఆయ్’ అనే మాట విలువ తెలుసు. అందులో మర్యాద ఉంది, వినయం ఉంది, ఎదుటివారికి ఎదురు చెప్పలేని మొహమాటం కూడా ఉంది. ఒక విద్యాసంస్థ ల్యాబులో నేను పనిచేసిన రోజుల్లో, కొత్తగా చేరిన అటెండరు గారికి జాగ్రత్తలు చెబుతుంటే దగ్గరుండి విన్నాను. ఏ బీరువాలో ఏముందో, ఏది ముట్టుకోకూడదో పది నిమిషాల్లో గబగబా చెప్పేశారు. సగం మాటలు ఇంగ్లిషులోనే. ప్రతి మాటకూ ఆయన ‘ఆయ్’ అన్నారు. చివర రిజిస్టరులో సంతకం పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం చూస్తే చేతి మీద బొబ్బలు. లేబుల్ ఊడిపోయిన సీసా కడుగుదామని కుళాయి కింద పెట్టారట. అడుగున మిగిలింది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. దానిలో నీళ్లు పడితే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదని ఇంటర్ పిల్లలకు నేర్పుతాం. రోజూ సీసాలు కడిగే మనిషికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఎవరూ అబద్ధం ఆడలేదు. చెప్పినవారు చెప్పాననుకున్నారు, విన్నవారు తలూపారు, రిజిస్టరు నిండింది. నా బాధ అక్కడే. శిక్షణ లేని చోటు సంగతి సరే, ఉన్నచోట కూడా అది సంతకంతో అయిపోతోంది.

కాకినాడలో జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో నిట్, ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. డెల్టాలోనూ దాని అంచుల్లోనూ ఉన్న ఇలాంటి క్యాంపస్ ఏదైనా ఒక చిన్న ఊరే. ల్యాబులు, హాస్టళ్లు, మెస్సులు, జనరేటర్ గదులు, నీళ్ల మోటార్లు, తోటలు, పొలాలు. భద్రత అనగానే మనకు తెల్లకోటు వేసుకున్న విద్యార్థి గుర్తొస్తాడు. అతను వెళ్లిపోయాక ఆ బల్ల తుడిచే ఆవిడ, మెస్సులో గ్యాస్ బండలు మార్చే కుర్రాడు, కొబ్బరికాయలు దింపడానికి చెట్టెక్కే దింపు కార్మికుడు గుర్తురారు. అసలు వీళ్లలో చాలామంది కాగితాల మీద విశ్వవిద్యాలయం మనుషులే కారు. కాంట్రాక్టరు పంపినవాళ్లు. నేర్పాల్సింది కాంట్రాక్టరని క్యాంపస్, చూసుకోవాల్సింది క్యాంపస్ అని కాంట్రాక్టరు అనుకునేలోగా మొదటి రోజు గడిచిపోతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. బాత్రూములు కడిగే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పక్కనే బ్లీచింగ్ పౌడర్ డబ్బా. మరక త్వరగా పోవాలని రెండూ కలిపి చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. తలుపులు మూసిన చిన్న బాత్రూములో, వంగి తోముతున్న మనిషి ముఖానికి జానెడు దూరంలో అది లేస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, మోతాదు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ రెండూ కలపొద్దు, తలుపు తీసే కడుగు, ఘాటు తగిలితే పని వదిలేసి బయటికి వచ్చెయ్. ఇంతే చెప్పాలి. ఎంతమంది స్వీపర్లకు ఎవరైనా ఈ మూడు ముక్కలు చెప్పారో మీ కాలేజీలో అడిగి చూడండి.

డెల్టా నేల తెచ్చిపెట్టే ప్రమాదాలు వేరే ఉన్నాయి. వాటిని ఏ ఇంగ్లిషు మాన్యువల్ నుంచీ దించుకోలేం. వేసవి సెలవుల్లో మూతపడిన హాస్టల్ వెనక పెరిగిన పిచ్చిమొక్కలను జూన్‌లో తొలకరికి ముందు కొట్టిస్తారు. ఆ పనికి వచ్చేది చాలాసార్లు కొత్తవాళ్లే. రాత్రి కాపలాకు వచ్చిన కొత్త వాచ్‌మన్ నేల మీదే నడుం వాలుస్తాడు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. దాని కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి, అప్పటికి చాలా సమయం పోయి ఉంటుంది. గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు, కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి, విషానికి విరుగుడు మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో ముందే తెలిసి ఉండాలి. వాచ్‌మన్‌కు విజిల్, లాఠీ ఇచ్చిన రోజునే ఒక మంచం, ఒక టార్చిలైటు ఇచ్చి ఈ మాటలు చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

కరెంటు కూడా అంతే. వానాకాలంలో ఇక్కడ నేల నెలల తరబడి తడి ఆరదు. తడి కాళ్లతో మోటారు స్టార్టరు ముట్టుకోవద్దని అందరికీ తెలుసు, అయినా ముట్టుకుంటారు, నీళ్లు రాకపోతే హాస్టల్ పిల్లలు గోల చేస్తారు కాబట్టి. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టించడం సంస్థ పని. అది ఎక్కడుందో, మాటిమాటికీ పడిపోతుంటే తీగ వేసి దాటించకుండా ఎవరికి చెప్పాలో కొత్తవాడికి చూపించడం శిక్షణ పని. 2025 అక్టోబర్ 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను మర్నాడు విరిగిన కొమ్మలు ఎత్తడానికి ముందు వెళ్లేది తోటమాలి, స్వీపరు. కొమ్మల కింద తెగిన తీగ ఉండొచ్చన్న సంగతి వాళ్లకు తుపానుకు ముందే తెలియాలి.

చదువుకున్నవాళ్లకు ఇవన్నీ తెలుస్తాయిలే అనుకోవడం కూడా పొరపాటే. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ల్యాబులో, గాలి తగిలితే అంటుకునే రసాయనాన్ని సిరంజితో తీస్తుండగా మంటలు లేచి 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు కాలిపోయింది. ఆమె కెమిస్ట్రీ పట్టభద్రురాలు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, స్వెటర్ ఉంది. పద్దెనిమిది రోజుల తర్వాత చనిపోయింది. ఆమె విద్యార్థి కాదు, జీతం తీసుకునే ఉద్యోగి. అందుకే అక్కడి కార్మిక భద్రతా శాఖ రంగంలోకి దిగగలిగింది. శిక్షణ ఇచ్చినట్టు రుజువులు లేవని విశ్వవిద్యాలయానికి జరిమానా వేసింది, ప్రొఫెసర్ మీద క్రిమినల్ కేసు కూడా నడిచింది.

మన చట్టాల్లో కొత్త ఉద్యోగి జాడ అక్కడక్కడా ఉంది. 2025లో రద్దయిన ఫ్యాక్టరీల చట్టంలోని 111ఏ సెక్షన్ కార్మికుడికి భద్రతా శిక్షణ పొందే హక్కు ఇచ్చింది, కానీ క్యాంపస్ ఫ్యాక్టరీ కాదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారైనా శిక్షణ ఇవ్వాలన్నాయి. పరిశోధన, విద్యాసంస్థలకు కూడా అవి వర్తిస్తాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత కోడ్ ప్రకారం, ప్రాణానికి ముప్పు ఉందని కార్మికుడికి గట్టి అనుమానం వస్తే యజమానికి చెప్పొచ్చు, యజమాని వెంటనే స్పందించాలి. మంచి మాటే. అయితే ‘ఆయ్’ అనడం తప్ప ఎరగని మనిషి మొదటి వారంలోనే ‘ఇది ప్రమాదమండి, నేను చెయ్యను’ అని ఎలా అంటాడు? రేపటి నుంచి రావద్దంటే?

సెప్టిక్ ట్యాంకుల దగ్గర ఈ ప్రశ్న ప్రాణం మీదికి వస్తుంది. రక్షణ లేకుండా మనిషిని లోపలికి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబానికిచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఆ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా దళితులే. వాళ్లకు మొదటి రోజు నేర్పాల్సిన మొదటి మాట ‘దిగను’. ఎవరు చెప్పినా దిగొద్దని రిజిస్ట్రారు స్థాయి అధికారి పదిమంది ముందు తన నోటితో తెలుగులో చెప్పాలి. అప్పుడే మేస్త్రి ఎంత ఒత్తిడి చేసినా కాదనడానికి అతనికి ఒక ఆధారం దొరుకుతుంది.

నేర్పే తీరు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సెమినార్ హాలు, ప్రొజెక్టరు, టిఫిన్ పొట్లం వద్దు. పనిచేసే చోటనే నేర్పాలి. ‘అర్థమైందా’ అని అడగకూడదు, దానికి జవాబు ఎప్పుడూ ‘ఆయ్’ అనే వస్తుంది. సీసా చేతికిచ్చి ‘ఇప్పుడు దీన్ని ఏం చేస్తావో చేసి చూపించు’ అనాలి. ఎర్ర అంచు డైమండ్ గుర్తుల్లో పుర్రె, మంట, చెయ్యి కాలుతున్న బొమ్మ ఏం చెబుతాయో గుర్తుపట్టడానికి ఇంగ్లిషు రానక్కర్లేదు, ఒక పూట చాలు.

చేతికి బొబ్బలెక్కిన ఆ అటెండరు గారు తర్వాత అదే ల్యాబులో పెద్ద దిక్కయ్యారు. కొత్త కుర్రాడు వస్తే ‘ఒరే అబ్బాయ్, ముందు ఈ మూత తీసి వాసన చూడకుండా ఇందులో ఏముందో ఎలా తెలుసుకుంటావో చెప్పు’ అని మొదలుపెట్టేవారు. పుస్తకాల్లో లేని సంగతులు, ఏ కిటికీ రెక్క సరిగా తెరుచుకోదు, ఏ సింకు వెనక్కి తన్నుతుంది, అన్నీ ఆయన దగ్గరే తెలిసేవి. కుర్రాళ్లు ఆయన్ను ‘బాబాయ్’ అంటూ ఎన్నిసార్లయినా మొహమాటం లేకుండా అడిగేవారు. ఆ పనికి ఆయనకు ఒక్క రూపాయి అదనంగా రాలేదు. ప్రతి క్యాంపస్‌లో ఇలాంటివాళ్లు ఉంటారు. వాళ్లను వెతికి, నాలుగు రోజులు సరిగ్గా తర్ఫీదు ఇచ్చి, నేర్పినందుకు భత్యం ఇవ్వాలి. లేకపోతే పాతవాళ్ల తప్పులు కూడా అలాగే కొత్తవాళ్లకు అందుతాయి.

అవుట్‌సోర్సింగ్ టెండర్లలో యూనిఫాం, పీఎఫ్, ఈఎస్‌ఐ గురించి షరతులు రాస్తారు. వాటి కిందే ఇంకో షరతు రాయాలి: ఏ పనీ అప్పగించకముందు ఒక రోజు శిక్షణ, ఆ రోజుకు పూర్తి కూలి, నేర్పే బాధ్యత విశ్వవిద్యాలయానిది, పంపే బాధ్యత కాంట్రాక్టరుది. రోజు కూలి పోగొట్టుకుని జాగ్రత్తలు నేర్చుకోమని ఎవరినీ అడగలేం. ఈ జూన్‌లో హాస్టళ్లు తెరిచేటప్పుడు, కొత్తవాళ్ల మొదటి జీతం లెక్కలో ఆ రోజు కూడా ఉండాలి.