పికాచో కనుమ సంగతి మర్చిపోయారా?
అమెరికా అంతర్యుద్ధం మీద మీ వ్యాసం చదివాను. యుద్ధమంటే వర్జీనియా, గెటిస్‌బర్గ్ మాత్రమే అన్నట్టు రాశారు, అరిజోనాని అసలు పట్టించుకోలేదేంటండీ? ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్లే ఐ-10 హైవే పక్కనే ఉంటుంది పికాచో కనుమ. 1862 ఏప్రిల్ 15న అక్కడ కొట్టుకున్నది రెండు పక్కలా కలిపి పాతికమంది లోపే. యూనియన్ (ఉత్తరాది) లెఫ్టినెంట్ జేమ్స్ బారెట్ తనవాళ్ల రెండో దళం వచ్చేదాకా ఆగకుండా, గుర్రాలతో మెస్కీట్ ముళ్ల పొదల్లోకి (మన సర్కారు తుమ్మకి చుట్టమే) దూసుకెళ్లాడు. ముగ్గురు కాన్ఫెడరేట్లు (విడిపోయిన దక్షిణాది సైనికులు) దొరికారు, కానీ పొదల్లో మిగిలినవాళ్ల కాల్పుల్లో అతనూ ఇంకో ఇద్దరు సైనికులూ చనిపోయారు. తప్పించుకున్న కాన్ఫెడరేట్లు టూసాన్‌లో ఉన్న తమవాళ్లకి కబురు మోశారు, ఇంకేముంది, యూనియన్ సైన్యం వస్తోందన్న గుట్టు కాస్తా రట్టయింది. యూనియన్ సైన్యం ఆ ఊళ్లో అడుగుపెట్టేసరికి మే 20 అయింది, అప్పటికే కాన్ఫెడరేట్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.